లౌబ్సర్, మ్యాగీ (1886–1973)

మ్యాగీ లౌబ్సర్ దక్షిణాఫ్రికా చిత్రకారిణి. పూర్తి పేరు మరియా మగ్దలేనా లౌబ్సర్. కేప్ ప్రాంతపు గోధుమ పొలాలు, పల్లె ఇళ్లు, సముద్ర తీరం, పూలు, పక్షులు, పశువులు, పొలం కూలీలు ఆమె చిత్రాల్లో తరచుగా కనిపిస్తాయి. ఇర్మా స్టెర్న్‌తో పాటు జర్మన్ ఎక్స్‌ప్రెషనిజం ధోరణిని దక్షిణాఫ్రికాకు తెచ్చిన తొలి తరం కళాకారిణిగా కళాచరిత్రకారులు ఆమెను లెక్కిస్తారు.

లాండ్‌స్కేప్, స్టిల్ లైఫ్, మనిషి బొమ్మ అనే మూడు తరహాలను ఆమె ఎన్నడూ వేరువేరు గదుల్లో పెట్టలేదు. పొలం బొమ్మలో మబ్బుకు వాడిన వంపు గీత పూల బొమ్మలో రేకు అంచుగా వస్తుంది. పూల వెనుక గోడ ఉండాల్సిన చోట పొలమో, కొండో, సముద్రమో ఉంటుంది. అందుకే ఆమెను కేవలం లాండ్‌స్కేప్ చిత్రకారిణి అన్నా, కేవలం పూల చిత్రకారిణి అన్నా సగమే చెప్పినట్టు అవుతుంది.

పుట్టిన నేల: స్వార్ట్‌లాండ్

కేప్ టౌన్ నగరానికి ఉత్తరాన, మాల్మ్స్‌బరీ పట్టణం చుట్టూ పరుచుకున్న గోధుమ సీమ పేరు స్వార్ట్‌లాండ్. అల్లంత దూరం దాకా ఎత్తుపల్లాలుగా సాగే మెట్ట పొలాలు, తూర్పున పార్డబెర్గ్, రీబేక్ కొండలు దీని రూపురేఖలు. ఇక్కడి వాన చలికాలపు వాన. మే నుంచి ఆగస్టు దాకా కురుస్తుంది. ఆ వాన కోసం ఏప్రిల్, మే నెలల్లో విత్తిన గోధుమ అక్టోబరు తర్వాత కోతకు వస్తుంది. కాబట్టి దక్షిణార్ధగోళపు చలికాలంలో ఈ నేల పచ్చగా ఉంటుంది. వసంతం ముగిసేసరికి పండి పసుపు పచ్చనవుతుంది. నడివేసవికి కొయ్యకాళ్లు మాత్రమే మిగిలి, నేల గోధుమ రంగుకు తిరుగుతుంది. లౌబ్సర్ చిత్రాల్లోని పచ్చ, పసుపు, నారింజ రంగుల వరుస చాలావరకు ఈ సాగు క్యాలెండరు ప్రకారమే నడుస్తుంది. ఆ రంగులు అన్నీ బెర్లిన్ నుంచి వచ్చినవేనని రాసినవారు ఈ నేలను పంటకాలంలో చూసి ఉండరు.

గాంధీతో తలపడిన జనరల్ యాన్ స్మట్స్, వర్ణవివక్షను ప్రభుత్వ విధానంగా మార్చిన డి. ఎఫ్. మలాన్, ఇద్దరు ప్రధానులూ ఈ సీమలోని రీబేక్ వెస్ట్ పరిసరాల్లోనే పుట్టారు. భూమి తెల్లజాతి రైతులది. చేలో పని చేసేది ఎక్కువగా ‘కలర్డ్’ అని ప్రభుత్వం పేరు పెట్టిన మిశ్రమ సంతతి కూలీలు. వీరి పూర్వీకుల్లో స్థానిక ఖోయ్‌ఖోయ్ జనంతో పాటు, డచ్చి ఈస్టిండియా కంపెనీ హిందూ మహాసముద్ర తీరాల నుంచి బానిసలుగా ఓడల్లో తెచ్చినవారూ ఉన్నారు. ఆ తీరాల్లో బెంగాల్, మలబారులతో పాటు మన కోరమాండల్ తీరం కూడా ఉంది. కేప్‌లో బానిసత్వాన్ని 1834లో రద్దు చేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు ‘అప్రెంటిస్’ పేరిట నిర్బంధ చాకిరీ కొనసాగింది. లౌబ్సర్ పుట్టేనాటికి ఇది రెండు తరాల కిందటి సంగతి. ఆమె వేసిన కోత కూలీలు, గొర్రెల కాపరులు, తలగుడ్డ కట్టుకున్న స్త్రీలు ఈ చరిత్ర నుంచి వచ్చినవారు.

బాల్యం, తొలి చదువు

లౌబ్సర్ 1886 ఏప్రిల్ 14న మాల్మ్స్‌బరీ జిల్లాలో బ్లౌబ్లొమెకీస్‌క్లూఫ్ అనే పొలంలో జన్మించింది. ఆరుగురు సంతానంలో పెద్దది. ఆఫ్రికాన్స్ మాట్లాడే రైతు కుటుంబం. ప్రాథమిక చదువు తర్వాత స్టెలెన్‌బాష్‌లోని బ్లూమ్‌హోఫ్ బాలికల పాఠశాలలో చేరి, హాస్టల్లో ఉంటూ చదివింది. బొమ్మలు గీయడం అక్కడే అలవడింది. కుటుంబం తర్వాత క్లిపహ్యూవల్ దగ్గరి ఊర్ట్‌మన్స్‌పోస్ట్ పొలానికి మారింది. ఆమె కళాజీవితంలో ముఖ్యమైన రెండు దశాబ్దాలు ఈ పొలంతోనే ముడిపడి ఉన్నాయి.

యవ్వనంలో ఆమెకు సంగీతం మీద కూడా ఆసక్తి ఉండేది. కేప్ టౌన్‌లో గాత్రం నేర్చుకుంది. ఆ రోజుల్లోనే ఎడ్వర్డ్ రోవర్త్ అనే ఆంగ్లేయ చిత్రకారుడి స్టూడియోలో కొద్దికాలం పాఠాలు తీసుకుంది. రోవర్త్ లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వచ్చి స్థిరపడినవాడు. టేబుల్ మౌంటెన్, ఓక్ చెట్ల నీడలో డచ్చి కాలపు తెల్లని ఇళ్లు, పొగమంచు పట్టిన లోయలు అతనికి ఇష్టమైన వస్తువులు. అప్పట్లో కేప్ సంపన్నుల డ్రాయింగు రూములకు నచ్చిన లాండ్‌స్కేప్ ఈ తరహాదే. 1907లో లౌబ్సర్ సౌత్ ఆఫ్రికన్ సొసైటీ ఆఫ్ ఆర్టిస్ట్స్‌లో సభ్యురాలైంది. ఆ కాలపు పనిలో తర్వాతి లౌబ్సర్ కనిపించదు. జాగ్రత్తగా, మెత్తగా, గురువుల అడుగుజాడల్లో వేసిన బొమ్మలవి.

ఆ తర్వాత ట్రాన్స్‌వాల్‌లోని ఎర్మెలో ప్రాంతంలో కొంతకాలం టీచరుగా పనిచేసింది. డర్బన్‌లో నెదర్లాండ్స్ కాన్సల్‌గా ఉన్న బాల్వే అనే సంపన్నుడితో ఏర్పడిన పరిచయం ఆమె దారి మార్చింది. ఐరోపా చదువు ఖర్చుకు సాయపడింది ఆయనే. ఆయన కొడుకు ఆర్నల్డ్ బాల్వే తర్వాతి కాలంలో జర్మనీలో పేరున్న చిత్రకారుడయ్యాడు. ఆ కుటుంబంతో లౌబ్సర్ స్నేహం ఏళ్ల తరబడి సాగింది.

ఐరోపా సంవత్సరాలు (1913–1924)

1913లో ఆమె నెదర్లాండ్స్ చేరింది. మొదటి మజిలీ ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి లారెన్. గొర్రెల మందలు, పూరిపాకలు, వాటి లోపలి మసక వెలుగు వేసే చిత్రకారులు అప్పటికే అక్కడ వలసగా స్థిరపడి ఉన్నారు. హేగ్ స్కూల్ అనే డచ్చి వాస్తవిక ధోరణికి అది తోబుట్టువు. బూడిద రంగు, మట్టి రంగు ప్రధానం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. లౌబ్సర్ లండన్ వెళ్లి స్లేడ్ స్కూల్లో చేరి 1919 దాకా చదివింది. అక్కడ డ్రాయింగు పాఠం చెప్పేది హెన్రీ టాంక్స్. చిత్రకారుడు కాకముందు సర్జన్‌గా పనిచేసినవాడు. శరీర నిర్మాణం తప్పితే ఊరుకునే రకం కాదని అతనికి పేరు. ఫిలిప్ విల్సన్ స్టీర్ వంటివారు రంగుల పని నేర్పేవారు. స్లేడ్‌లో సాధించిన రేఖ ఆమెకు చివరిదాకా తోడుంది. తర్వాత ఆమె రూపాలను ఎంత సులభం చేసినా ఒక మనిషి వంగి పనిచేసేటప్పుడు బరువు ఏ కాలి మీద పడుతుందో ఆమె గీత తప్పలేదు. స్లేడ్ ఇవ్వనిది రంగు. యుద్ధానికి ముందే లండన్‌లో పోస్ట్-ఇంప్రెషనిస్టుల చిత్రాలు పెద్ద దుమారం లేపినా, టాంక్స్ తరగతి గదిలో వాటికి చోటు దొరకలేదు.

యుద్ధం ముగిశాక 1920లో ఇటలీ వెళ్లి, ఉత్తరాన ఉన్న గార్దా సరస్సు ఒడ్డున కొంతకాలం గడిపింది. నీటి మీద తెరచాప పడవలు, ఒడ్డున ఇళ్లు, వెనుక కొండలు. రంగు తేటపడటం ఇక్కడే మొదలైంది. నీడను నల్లగా కాక నీలంగా, ఊదాగా చూడటం ఈ బొమ్మల్లో కనిపిస్తుంది. 1921లో స్వదేశం వచ్చి, మరుసటి ఏడాది మళ్లీ బయలుదేరి బెర్లిన్ చేరింది.

బెర్లిన్

1922 నుంచి 1924 దాకా బెర్లిన్‌లో గడిపిన కాలం లౌబ్సర్ కళకు మలుపు. జర్మన్ మార్కు విలువ అప్పుడు పాతాళానికి జారుతోంది. 1923 నవంబరు నాటికి ఒక అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికాయి. స్థానికుల బతుకులు కూలిపోయిన ఆ రోజుల్లో విదేశీ డబ్బు చేతిలో ఉన్నవారికి మాత్రం గది అద్దె, రంగుల ఖర్చు చవక.

నగరంలో అప్పుడు ఎక్స్‌ప్రెషనిస్టు కళ గ్యాలరీల్లోకి, మ్యూజియంలలోకి ఎక్కింది. 1905లో డ్రెస్డెన్‌లో కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్-రొట్లుఫ్ తదితరులు మొదలుపెట్టిన డీ బ్రూకె బృందం 1913లోనే విడిపోయినా, సభ్యుల పని బెర్లిన్‌లో కొనసాగుతోంది. ఈ వర్గంలో లౌబ్సర్ మీద ఎక్కువ ముద్ర వేసింది కార్ల్ ష్మిట్-రొట్లుఫ్. అతనితో ఆమెకు పరిచయం ఏర్పడింది. చెక్క మీద ఉలితో చెక్కినట్టు కోణాలు తేలిన ముఖాలు, పక్కపక్కనే కలపకుండా వేసిన ముడి రంగులు, మందపాటి ముదురు అంచులు ఆమె ఆ కాలపు తలబొమ్మల్లో సూటిగా కనిపిస్తాయి. చెక్క అచ్చు, లినోకట్ పని కూడా ఆమె ఈ ప్రభావంలోనే చేసింది. జంతువుల బొమ్మల విషయంలో ఆమెను ఆకర్షించింది 1916లో వెర్డన్ యుద్ధంలో చనిపోయిన ఫ్రాంజ్ మార్క్. రంగును వస్తువు అసలు రంగుకు కాకుండా భావానికి కట్టబెట్టిన చిత్రకారుడతను.

తోటి దక్షిణాఫ్రికా వాసి ఇర్మా స్టెర్న్‌తో స్నేహం కూడా ఈ సంవత్సరాలదే (చూడండి: స్టెర్న్, ఇర్మా). ఇద్దరి మూలం ఒకటే అయినా దారులు వేరు. స్టెర్న్ కుంచె తొందరగా, దట్టంగా, ముద్దగా రంగు పులుముతుంది. జాంజిబార్, కాంగో ప్రయాణాల్లో కొత్త ముఖాల కోసం వెతికింది. లౌబ్సర్ రంగును పొరలుగా, గీత లోపల నింపుతుంది. ఇంటి పొలం దాటి దూరం పోలేదు.

ఊర్ట్‌మన్స్‌పోస్ట్ కాలం (1924–1947)

1924లో తిరిగి వచ్చి తల్లిదండ్రుల పొలంలోనే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఈ రెండు దశాబ్దాల్లో, ముఖ్యంగా 1930ల చివరిదాకా వేసినవి ఆమె చిత్రాల్లో ఉత్తమమైనవనే అభిప్రాయం విమర్శకుల్లో బలంగా ఉంది. ఈ వ్యాసం కూడా ఆ అంచనాతోనే ఏకీభవిస్తుంది. బెర్లిన్‌లో నేర్చిన భాష ఇక్కడ తెలిసిన వస్తువులకు తగిలింది. ఆ భాష కొత్తదే కానీ, గోధుమ పన, బాతు, పొలం గట్టు ఆమె చిన్ననాటి నుంచి చూసినవి.

పొలంలో గొర్రెలు కాసే బోయ్ అనే వృద్ధుడు ఆమెకు పదేపదే మోడల్‌గా కూర్చున్నాడు. పాత టోపీ, నెరిసిన గడ్డం, కర్ర, వెనుక మంద. ఆ ముఖం చాలా చిత్రాల్లో తిరిగి వస్తుంది. బెర్లిన్ తలబొమ్మల్లోని కోణాల కరకుదనం ఈ చిత్రాల్లో తగ్గి, గీత గుండ్రబడింది.

ఆదరణ, విమర్శ

కేప్ టౌన్ ఆధునిక కళకు అప్పుడు సిద్ధంగా లేదు. 1922లో ఇర్మా స్టెర్న్ అక్కడ ప్రదర్శన పెడితే కొందరు వెక్కిరించారు. మరికొందరు అశ్లీలమని పోలీసులకు ఫిర్యాదు చేశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన లౌబ్సర్‌కు దాదాపు అదే స్వాగతం దొరికింది. గీత రాదని, రంగులు పచ్చిగా ఉన్నాయని, పిల్లల బొమ్మల్లా ఉన్నాయని పత్రికల్లో రాశారు. స్లేడ్‌లో ఐదేళ్లు టాంక్స్ చేతికింద డ్రాయింగు దిద్దుకున్న మనిషికి గీత రాదన్న తీర్పు అది. 1920లలో, 1930ల తొలి సగంలో అమ్మకాలు అంతంత మాత్రం. ఆమెను సమర్థించినవారిలో స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎ. సి. బౌమన్ ముఖ్యుడు. దక్షిణాఫ్రికా కళ మీద 1935లో అచ్చయిన తన పుస్తకంలో అతను కొత్త ధోరణులకు చోటు ఇచ్చాడు.

ఈ వివాదంలో ఆమె తొలి గురువు రోవర్త్ ఎదుటి పక్షంలో నిలిచాడు. కేప్ టౌన్‌లోని మైకేలిస్ కళాశాల ఆచార్యుడిగా 1940లో ఆధునిక కళను తీవ్రంగా ఖండిస్తూ ప్రసంగించాడు. 1941 నుంచి 1949 దాకా దక్షిణాఫ్రికా జాతీయ గ్యాలరీ డైరెక్టరు కూడా అతనే. జర్మనీలో ఇదే పోరు ప్రభుత్వ బలంతో జరిగింది. మ్యూజియంల నుంచి ష్మిట్-రొట్లుఫ్ చిత్రాలు 600కు పైగా జప్తయ్యాయి. వాటిలో కొన్నింటిని 1937లో మ్యూనిక్‌లో నాజీలు పెట్టిన ‘పతిత కళ’ ప్రదర్శనలో ఎగతాళి కోసం వేలాడదీశారు.

1938లో గ్రెగ్వార్ బూన్‌జైర్ తదితరులు ఏర్పరచిన న్యూ గ్రూప్‌తో దక్షిణాఫ్రికాలో గాలి మారింది (చూడండి: న్యూ గ్రూప్). అకాడమీ రుచులకు ఎదురు నిలిచిన ఈ యువ బృందం ప్రదర్శనల్లో లౌబ్సర్ పాల్గొంది. తమకంటే ముందు ఒంటరిగా నడిచిన పెద్దగా ఆమెను వాళ్లు చూశారు. 1939లో డీ హేస్‌ఖనూట్ అనే ఆఫ్రికాన్స్ వారపత్రికలో ఆమె తన సీమ గురించి, తన పని గురించి స్వయంగా రాసింది. 1944లో చిత్రకారుడు యొహానెస్ మైంకీస్ ఆమె మీద ఒక పుస్తకం తెచ్చాడు. 1946లో దక్షిణాఫ్రికా విజ్ఞాన, కళల అకాడమీ చిత్రకళకు పతకం ఇచ్చింది. వెక్కిరింపు మొదలైన నాటి నుంచి పతకం అందేదాకా గడిచిన కాలం ఇరవై రెండేళ్లు.

అప్పటికి ఆఫ్రికాన్స్ సమాజం మనసు కూడా మారింది. 1925లో ఆఫ్రికాన్స్ అధికార భాష అయ్యాక ఆ సమాజం సొంత సాహిత్యం, సొంత కళ కోసం వెతకడం ముమ్మరమైంది. పొలం, పంట, పశువు అనే వస్తువులు ఆ వెతుకులాటకు సరిగ్గా సరిపోయాయి. వస్తువు నచ్చాక శైలి కూడా నచ్చింది.

ప్రధాన రచనా విభాగాలు

లాండ్‌స్కేప్‌లు. లౌబ్సర్ లాండ్‌స్కేప్‌లో ఆకాశం కిందకు దిగి ఉంటుంది. మబ్బులు గాలిలో తేలే ఆవిరిలా కాక, గట్టి అంచులున్న గుండ్రని ఆకారాలుగా వస్తాయి. కింద కొండ వంపు, దాని కింద పొలం వంపు, ముందు మనిషి వీపు వంపు ఒకే లయలో సాగుతాయి. కోత చిత్రాలను దగ్గరగా చూస్తే ఈ పద్ధతి తేటపడుతుంది. పనల వరుస ఏటవాలుగా కాన్వాసు లోపలికి పోతుంది. వంగి పన కట్టే స్త్రీ వీపు ఆ పన ఆకారాన్నే తిరగేసి చూపిస్తుంది. ఆమె తలగుడ్డ ఎరుపో తెలుపో, ఆ పసుపు మధ్యలో కన్ను ముందుగా ఆగేది దాని మీదే. నేలకూ మనిషికీ వెలుగు ఒకటే, అంచు గీత మందమూ ఒకటే.

పొలంతో పాటు తీరం కూడా ఆమెకు వస్తువే. జాలరుల తెల్లని గుడిసెలు, ఇసుక మీద లాగిన పడవలు, సముద్రపు కాకులు వస్తాయి. నీటి వెనుక హాటెంటాట్స్ హాలెండ్ పర్వతాలు నీలంగా, ఊదాగా నిలబడతాయి.

ఈ లాండ్‌స్కేప్ విశిష్టత సమకాలికుడు జె. హెచ్. పియర్‌నీఫ్ చిత్రాలతో పోల్చినప్పుడు తెలుస్తుంది (చూడండి: పియర్‌నీఫ్, యాకబ్ హెండ్రిక్). యోహానెస్‌బర్గ్ రైల్వే స్టేషను కోసం 1929లో ఒప్పుకుని 1932 నాటికి అతను పూర్తి చేసిన 32 పలకల చిత్రాల్లో విశాలమైన మైదానాలు, చెట్లు, కొండలు ఉన్నాయి. మనుషులు దాదాపు లేరు. ఖాళీగా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండే ఆ భూమిని తర్వాతి విమర్శకులు రాజకీయంగా చదివారు. లౌబ్సర్ నేల మీద మాత్రం ఎవరో ఒకరు పని చేస్తూనే ఉంటారు. మనిషి లేని చోట బాతులు, ఆవులు, కనీసం ఒక ఇంటి పొగగొట్టమైనా ఉంటాయి.

స్టిల్ లైఫ్‌లు. డచ్చి సంప్రదాయంలో స్టిల్ లైఫ్ అంటే గదిలో బల్ల, దాని మీద గుడ్డ, పాత్ర, పండు, పక్క కిటికీ నుంచి వెలుగు. దక్షిణాఫ్రికాలో ఈ దారిని ఫ్రాన్స్ ఊర్డర్, పీటర్ వెన్నింగ్ వంటి డచ్చి మూలాలున్న చిత్రకారులు నిలబెట్టారు. లౌబ్సర్ బల్లను దాదాపుగా తీసేసింది. పూలు కాన్వాసు ముందు అంచున, పెద్దవిగా, చూసేవారి ముఖానికి దగ్గరగా లేస్తాయి. కుండీ ఉన్నా సగమే కనిపిస్తుంది. వెనుక గోడ ఉండదు. పొలమో, చెరువో, పక్షులో ఉంటాయి. పువ్వుకూ కొండకూ మధ్య దూరం ఎంతో చిత్రం చెప్పదు. రెండూ ఒకే పలక మీద పక్కపక్కన నిలుస్తాయి.

ఎక్కువసార్లు వచ్చే పువ్వు ఆరమ్ లిల్లీ. తెలుగు పూల అంగళ్లలో లిల్లీ పేరుతో అమ్మే నేల సంపెంగతో దీనికి సంబంధం లేదు. ఇది చేమ, కంద మొక్కల కుటుంబంలోది. తెల్లని ఒకే రేకు గరాటులా చుట్టుకుని, మధ్యలో పసుపు పచ్చని కంకి నిలుస్తుంది. కేప్‌లో ఇది చలికాలపు వానలకు కాలువ గట్ల మీద, తడి పొలాల్లో తనంతట తానే మొలుస్తుంది. పందులు దీని దుంపలు తవ్వి తింటాయని పల్లె జనం ‘పంది పువ్వు’ అంటారు. ఐరోపాలో శవపేటికల మీదకూ, చర్చి పూజావేదికల మీదకూ చేరిన ఈ పువ్వు ఆమెకు ఇంటి వెనుక బురదలో పెరిగే మొక్క. ఆ రేకు చుట్టు తిరిగే ఒక్క గీత ఆమె శైలికి చక్కగా అమరింది. మెట్టతామర, పాయిన్‌సెట్టియా, గ్లాడియోలస్ తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. ఎర్రని పూలను పచ్చ నేపథ్యం మీద, పసుపు పూలను ఊదా మీద నిలబెట్టడం ఆమెకు ఇష్టం. ఎదురెదురు రంగుల జోడీలవి.

మనుషులు. ఆమె తలబొమ్మల్లో కాపరులు, కూలీలు, జాలరులు, తలగుడ్డ కట్టిన యువతులు ఎక్కువ. కొన్నింటిలో మోడల్ పేరు తెలుస్తుంది. చాలావాటిలో తెలియదు. స్వీయచిత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో ఆమె తనను తాను అందంగా చూపించుకునే ప్రయత్నం చేయలేదు. పిల్లులను, బాతులను, ఆవులను కూడా మనుషుల ముఖాల మీద చూపిన శ్రద్ధతోనే వేసింది.

సామగ్రి, పనితీరు

ప్రధాన మాధ్యమం తైలవర్ణం. కాన్వాసుతో పాటు అట్ట మీద, బోర్డు మీద కూడా విరివిగా వేసింది. బొగ్గు గీతలు, పెన్సిల్ స్కెచ్‌లు, నీటిరంగులు, లినోకట్‌లు కూడా మిగిలి ఉన్నాయి. స్కెచ్‌బుక్‌లో గీసుకున్న ఆకారాన్ని ఏళ్ల తర్వాత కూడా కొత్త చిత్రంలోకి తెచ్చేది. ఒకే బాతుల వరుస, ఒకే వంగిన కూలీ, ఒకే గుడిసె స్థలాలు మార్చుకుంటూ తిరుగుతాయి. రంగును మొదట గీత లోపల చదునుగా నింపి, తర్వాత దాని మీద చిన్న చిన్న కుంచె దెబ్బలతో కదలిక ఇవ్వడం ఆమె పద్ధతి. నలుపుకు బదులు ముదురు నీలం అంచుగా వాడటం తరచు కనిపిస్తుంది. చాలా చిత్రాల మీద తేదీ లేదు. ఒకే ఆకారం పదేళ్ల తేడాతో మళ్లీ రావడం వల్ల కాలక్రమం నిర్ణయించడం పరిశోధకులకు కష్టమైన పని.

స్ట్రాండ్ కాలం (1947–1973)

1947లో ఆమె పొలం విడిచి, ఫాల్స్ బే ఒడ్డున ఉన్న స్ట్రాండ్ పట్టణంలో ఇల్లు కట్టుకుని స్థిరపడింది. ఆ ఇంటికి ‘ఆల్టైడ్ లిఖ్’ అని పేరు పెట్టింది. ఎల్లప్పుడూ వెలుగే అని అర్థం. క్రిస్టియన్ సైన్స్ మత భావాల పట్ల ఆమెకు మొగ్గు ఉండేది. ప్రకృతిలోనూ, మనిషిలోనూ ఒకే సామరస్యం ఉందన్న నమ్మకం ఆమె రాతల్లో, మాటల్లో పలుకుతుంది. ఇంటి పేరును ఆ కోవలోనే అర్థం చేసుకుంటారు.

చిత్రాలకు ఇప్పుడు గిరాకీ ఉంది. అడిగినవారు అడిగింది బాతులు, ఆరమ్ లిల్లీలు, గుడిసెలు. ఆమె అవే వేసింది. రంగులు ఇంకా లేతబడి, గులాబీ, లేత నీలం వైపు జరిగాయి. గీతలోని బిగువు సడలింది. ఈ కాలపు చిత్రాల్లో బాగున్నవి లేకపోలేదు, ముఖ్యంగా సముద్రం, పక్షుల బొమ్మలు. మొత్తం మీద మాత్రం పాత వస్తువుల పునరుక్తి అన్న విమర్శను కొట్టిపారేయడం కష్టం. 1969లో కేప్ టౌన్‌లోని జాతీయ గ్యాలరీ ఆమె మొత్తం కృషిని చూపే ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఒకప్పుడు రోవర్త్ ఏలిన గ్యాలరీ అదే. 1973 మే 17న స్ట్రాండ్‌లో, 87 ఏళ్ల వయసులో ఆమె మరణించింది.

తర్వాతి అంచనాలు

చాలాకాలం ఆమెను అమాయకత్వం, కేప్ నేల పట్ల ప్రేమ అనే రెండు మాటలతోనే వర్ణించారు. పల్లెటూరి పిల్ల కన్నుతో చూసిందన్న పొగడ్త వెనుక, లారెన్, లండన్, బెర్లిన్‌లలో పదకొండేళ్ల చదువు కనుమరుగైపోతుంది. స్త్రీ కళాకారుల మీద పరిశోధన పెరిగాక ఈ చిత్రణను తిరగదోడారు. ఎంచుకుని, తగ్గించి, పదును పెట్టి సాధించిన సరళత అది అని చూపించారు.

ఇంకో ప్రశ్న 1980ల తర్వాత గట్టిగా వచ్చింది. కూలీలను అంత ప్రశాంతంగా, నేలలో ఒదిగిపోయినట్టు చూపడం న్యాయమేనా? 1913 భూమి చట్టం నల్లవారి భూహక్కులను అతి కొద్ది నేలకు కుదించింది. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం నివాసాలను జాతుల వారీగా విడగొట్టింది. ద్రాక్ష తోటల్లో కూలిలో కొంత భాగాన్ని సారాయిగా ఇచ్చే పద్ధతి కేప్ పొలాల్లో ఎన్నో తరాలు సాగింది. ఈ సంగతులేవీ ఆమె కాన్వాసు మీదకు రాలేదు. భూస్వామి కూతురి కంటికి కనిపించిన సామరస్యమే ఆ చిత్రాల్లో ఉందని ఒక వాదం. ఆ కాలపు లాండ్‌స్కేప్‌లు పనిమనుషులను పూర్తిగా చెరిపేస్తుంటే, ఆమె వారిని చిత్రం మధ్యలో నిలబెట్టిందని, పేరున్న మనుషులుగా వారి ముఖాలు వేసిందని ఎదుటి వాదం. రెండు వాదాలకూ ఆధారం ఒకే చిత్రాల్లో దొరుకుతుంది. పన కట్టే స్త్రీ వీపు వంపును చూసినప్పుడు ఆ గీత ఎంత బాగుందో, ఆ వీపు ఎంతసేపటి నుంచి వంగి ఉందో రెండూ గుర్తొస్తాయి. మొదటిదాన్నే లౌబ్సర్ వేసింది.

నల్లజాతి చిత్రకారుల పనిని పక్కన పెడితే ఈ తేడా మరింత తెలుస్తుంది. యోహానెస్‌బర్గ్‌లో తోటమాలిగా పనిచేస్తూ లాండ్‌స్కేప్‌లు వేసిన మోజెస్ ట్లాడీ, సోఫియాటౌన్, డిస్ట్రిక్ట్ సిక్స్ వీధులను వేసిన జెరార్డ్ సెకోటో అవే దశాబ్దాల్లో పనిచేశారు. సెకోటో 1947లో, లౌబ్సర్ స్ట్రాండ్‌కు మారిన ఏడే, దేశం విడిచి పారిస్ వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు.

సేకరణలు, అధ్యయనాలు

కేప్ టౌన్‌లోని ఇజికో జాతీయ గ్యాలరీ, యోహానెస్‌బర్గ్ ఆర్ట్ గ్యాలరీ, ప్రిటోరియా ఆర్ట్ మ్యూజియం, సాన్‌లామ్ బీమా సంస్థ కళా సేకరణ మొదలైన చోట్ల ఆమె చిత్రాలు ఉన్నాయి. స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయం దగ్గర చిత్రాలతో పాటు ఉత్తరాలు, కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి. డాలీన్ మరైస్ 1994లో తెచ్చిన సమగ్ర జాబితా గ్రంథం తైలవర్ణాలు, డ్రాయింగులు, అచ్చు బొమ్మలు అన్నింటినీ వరుస పెట్టి నమోదు చేసింది. తేదీ లేని చిత్రాలకు కాలం నిర్ణయించడంలోనూ, వేలంపాటలకు వచ్చే అనుమానాస్పద చిత్రాలను పరీక్షించడంలోనూ పరిశోధకులు మొదట తెరిచే పుస్తకం అదే. ఆమె జీవితాన్ని, ఆధ్యాత్మిక భావాలను కలిపి వివరించే పెద్ద గ్రంథాన్ని కళాచరిత్రకారుడు మ్యూలర్ బాలొట్ ఆ తర్వాత రాశాడు.